జమాదారు పథ్యం

మా కార్యాలయంలో షుగరు జబ్బు ఉన్న ఉద్యోగి ఒక్కరే. ఆ ఒక్కరూ పిల్లి.

నమ్మడం కష్టమే. పాత దస్తావేజుల భద్రతా కార్యాలయంలో పనిచేసే మాలో చాలామంది యాభై దాటినవాళ్లం. పొద్దున కుర్చీలో కూర్చుంటే భోజనానికి లేస్తాం, భోజనం చేసి వచ్చి మళ్లీ కూర్చుంటాం. అయినా మాలో ఎవరికీ షుగరు లేదు. నోటిమాటగా చెప్పడం లేదు, అందరం సంతకాలు చేసి ఇచ్చాం.

సంగతేమిటంటే, ప్రధాన కార్యాలయానికి కొత్తగా వచ్చిన కమిషనరు గారు కొర్రలు తిని బరువు తగ్గారు. మామూలు మనిషి బరువు తగ్గితే బట్టలు వదులవుతాయి. కమిషనరు బరువు తగ్గితే శాఖ మొత్తానికి ఉత్తర్వు వస్తుంది. ఆ ఉత్తర్వు పేరు ‘మధుమేహ రహిత కార్యాలయం’. షుగరు ఉన్నవాళ్లు తమంతట తామే ముందుకొచ్చి పేరు నమోదు చేసుకోవాలన్నారు. నమోదు చేసుకున్నవారి పేరు నోటీసు బోర్డు మీద ఉంటుంది. వారికి టీలో పంచదార ఉండదు, పొద్దున్నే ఆవరణ చుట్టూ నడక ఉంటుంది, ప్రమోషను సమయంలో ‘ఆరోగ్య పరిస్థితి ప్రత్యేకంగా పరిశీలించబడును’. ఏడాది చివరికి ఏ కార్యాలయంలోనైనా షుగరు మిగిలి ఉంటే అక్కడి అధికారి సంజాయిషీ చెప్పుకోవాలి.

ఇంత ప్రోత్సాహం ఇచ్చాక ఎవరు మాత్రం ముందుకు రారు? అయినా ఎవరూ రాలేదు, ఎందుకంటే ఎవరికీ షుగరు లేదు. మా అకౌంట్స్ వీరభద్రయ్య భోజనానికి ముందు వేసుకునే మాత్ర వేసుకుని, మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, తనకు ఏ జబ్బూ లేదని సంతకం చేశాడు.

తర్వాత తనిఖీకి ఆరోగ్య చైతన్య సమన్వయకర్త సుధన్వ గారు వచ్చారు. పల్చటి మనిషి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో సజ్జ బిస్కట్ల పొట్లం. మూలనున్న ఫ్రిజ్ తలుపు తెరిచి లోపల ఓ చిన్న మందు సీసా, పక్కన సూదులు చూశారు.

“ఇన్సులిన్. ఎవరిది?”

అందరం మా మా కాగితాల్లోకి చూసుకున్నాం. అంత శ్రద్ధగా మేము పనిచేయడం ఆయన చూడ్డం అదే మొదలూ చివరా.

“జమాదారుది సార్,” అన్నారు సీనియర్ అసిస్టెంట్ కాత్యాయని గారు.

“జమాదారు ఎక్కడ?”

“బీరువా మీద పడుకున్నాడు.”

“డ్యూటీ సమయంలోనా?”

“పిల్లి సార్.”

సుధన్వ గారు తల పైకెత్తి చూశారు. ఎర్రటి ముసలి గండు పిల్లి ఓ కన్ను తెరిచి, ఆయన్ను చూసి, మూసేసింది.

జమాదారు మా దగ్గరికి పిల్లగా ఉన్నప్పుడే వచ్చాడు. ఎలుకలు దస్తావేజులు కొట్టేస్తున్నాయని అప్పటి అధికారి మొరపెట్టుకుంటే పైనుంచి ‘ఎలుకల నివారణ సిబ్బంది, ఒకరు’ అని మంజూరు వచ్చింది. ఎవర్ని వేయాలో తెలియక పిల్లిని వేశారు. ఏళ్ల తరబడి ఒక్క కాగితం పోకుండా కాపాడాడు. మేము కృతజ్ఞతతో పాలన్నం, పెరుగన్నం, బిస్కట్లు, మిగిలిన ఉప్మా పెట్టి వాణ్ణి దిండులా చేశాం. ముసలితనంలో ఉన్నట్టుండి బక్కచిక్కిపోయాడు. తొట్టెడు నీళ్లు తాగి, ఎక్కడపడితే అక్కడ పోసేవాడు. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేవాడు. కాత్యాయని గారు బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు మెహరున్నీసా షుగరని తేల్చింది. అప్పట్నుంచి రెండు పూటలా తిండి పెట్టడం, తిన్నాక సూది వేయడం కాత్యాయని గారి పని. సెలవు రోజుల్లో కూడా వచ్చి, వాచ్‌మన్‌ యాకోబు చేత తలుపు తీయించుకుని వేసి వెళ్లేవారు. ఇంటికి తీసుకెళతానని ఓసారి అడిగారు. మంజూరైన సిబ్బందిని ఇంటికి తీసుకెళ్లడానికి నిబంధన లేదని పైవాళ్లన్నారు.

ఆవిడ ఒంటరి మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. “పొద్దున్న ఆఫీసుకి రాబుద్దెయ్యడానికి నాకున్న కారణం వాడొక్కడే,” అని మా ముందే అనేవారు. మేము నొచ్చుకునేవాళ్లం కాదు.

సుధన్వ గారు సిబ్బంది పట్టిక తెప్పించుకున్నారు. అందులో జమాదారు ఉన్నాడు. “అయితే పథకం వర్తిస్తుంది,” అన్నారు.

మా జాయింట్ డైరెక్టరు సదానందం గారికి చెమటలు పట్టాయి. ఆయన చెడ్డ మనిషి కాదు. పైనుంచి ఫోనొస్తే లేచి నిలబడి మాట్లాడే రకం, అంతే. “అది జంతువు కదండీ,” అన్నారు నెమ్మదిగా.

“ఉత్తర్వులో ‘ఉద్యోగులందరూ’ అని ఉంది. మనుషులని ఎక్కడా లేదు. ఇది మీకు అదృష్టం సార్. మీ దగ్గర రోగి ఒక్కరే. ఆ ఒక్కరికీ నయం చేస్తే రాష్ట్రంలో మొట్టమొదటి మధుమేహ రహిత కార్యాలయం మీదే.”

సదానందం గారి ముఖంలో చెమట ఆరింది.

ఆ వారంలోనే కమిటీ వేశారు. జమాదారుకు పొద్దున కొర్రల జావ, మధ్యాహ్నం అండుకొర్రల ఉప్మా, సాయంత్రం మెంతిపొడి కలిపిన కాకరకాయ రసం నిర్ణయించారు. ఆవరణలో మాంసాహారాన్నీ చక్కెరనూ నిషేధించారు. మూడు గోతాల చిరుధాన్యాలు దింపించి దస్తావేజుల గదిలోనే పేర్చారు.

కాత్యాయని గారు కమిటీ ముందుకు వెళ్లారు. “పిల్లికి మాంసం తప్ప ఒంటికి పట్టదండీ. గింజలేవైనా ఒకటే, బియ్యమైనా కొర్రలైనా. మనం పెట్టిన అన్నాలే వాడి కొంప ముంచాయని డాక్టరమ్మ చెప్పింది. ఉడికించిన కోడిమాంసం, చేప, అంతే. వాటితోనే కుదురుకుంటున్నాడు.”

“మాంసం అన్నది అలవాటు మేడమ్,” అన్నారు సుధన్వ గారు. “అలవాట్లు మార్చడానికే ప్రభుత్వం నన్ను నియమించింది. వ్యక్తిగత అభిరుచులకు పథకంలో అవకాశం కల్పించబడలేదు.”

“అభిరుచి కాదండీ, పుట్టుక.”

“ఆ పదం ఉత్తర్వులో లేదు.”

నడక మొదలైంది. పిల్లి మెడకు తాడు కట్టి యాకోబు ఆవరణ చుట్టూ తిప్పాలి. జమాదారు కూర్చుండిపోయేవాడు, యాకోబు వాణ్ణి చంకలో పెట్టుకుని తిరిగొచ్చేవాడు. ఎవరి అడుగులు లెక్కవేయాలన్న సందేహం వచ్చింది. అది తీరేలోపు, పిల్లి నడిచినా నాలుగు కాళ్లూ లెక్కలోకి వస్తాయా అన్న ఇంకో సందేహం వచ్చింది. ప్రధాన కార్యాలయాన్ని స్పష్టత కోరడమైనది. ‘ముందు కాళ్లు మాత్రమే పరిగణించవలెను, మోయబడిన సందర్భంలో మోసిన వ్యక్తి కాళ్లను పరిగణించరాదు’ అని జవాబొచ్చింది. తర్వాత మానసిక నిపుణుడొకాయన వచ్చి, ఒత్తిడిని జయించడం గురించి జమాదారుకు ఉపన్యాసం ఇచ్చారు. వాడు నిద్రపోయాడు. ‘పూర్తి విశ్రాంత స్థితిని సాధించాడు’ అని నివేదికలో రాశారు.

కొర్రల జావ మాత్రం వాడు ముట్టలేదు. వాసన చూసి, నేలను కాలితో గీకి, దాన్ని పూడ్చేసినట్టు నటించి వెళ్లిపోయేవాడు. అయినా బతికున్నాడంటే కాత్యాయని గారు చెంగు చాటున తెచ్చి దస్తావేజుల వెనక పెట్టే కోడిమాంసం వల్లే. ఎవరో వాసన పట్టి చెప్పారు. సదానందం గారు ఆవిణ్ణి గదిలోకి పిలిచారు. కాగితాల మీద సంతకాలకని నేనూ అక్కడే నిలబడి ఉన్నాను.

“నన్నెందుకు ఇరకాటంలో పెడతారమ్మా?”

“వాడికి నయం కావాలంటే మాంసం పెట్టాలి సార్.”

“మాంసం పెట్టకుండా నయం కావాలి.”

“అదెలా సార్?”

“ఎలా అన్నది కమిటీ చూసుకుంటుంది. మిమ్మల్ని రేపు చిరుధాన్యాల అవగాహన శిక్షణకు పంపుతున్నాను. టౌన్‌హాల్లోనే. సాయంత్రం దాకా ఉండండి.”

“వెళ్తాను సార్. ఒక్క మాట. వాడు తినకపోతే మాత్రం సూది వెయ్యనివ్వకండి. ఖాళీ కడుపు మీద వేస్తే షుగరు పడిపోయి చచ్చిపోతాడు,” అన్నారావిడ. ఆ మాటకు సదానందం గారు చటుక్కున తలెత్తి చూసి, మళ్లీ దించేసుకున్నారు.

అదే మాట బయటికొచ్చి మా ఒక్కొక్కరికీ చెప్పారు. సుధన్వ గారికి రెండుసార్లు చెప్పారు. ఆయన రెండుసార్లూ తల ఊపారు.

మర్నాడు పొద్దున జమాదారు ముందు కొర్రల జావ పెట్టారు. వాడు వాసన చూసి, నేల గీకి, పక్కకెళ్లి పడుకున్నాడు. కమిటీ పట్టికలో ‘ఆహారం అందించబడినది’ అన్నచోట టిక్కు పడింది. ఆ కింది గడి ‘ఇన్సులిన్’. పై గడిలో టిక్కు ఉన్నప్పుడు కింది గడి ఖాళీగా ఉండటం సుధన్వ గారి చేత కాలేదు. యాకోబు గొణిగాడు: “అది తిన్లేదండి.”

“అందించాం కదయ్యా,” అంటూ ఆయన తన చేత్తోనే సూది వేశారు.

టీ వేళకి జమాదారు లేచి తాగినవాడిలా తూలాడు. బీరువా ఎక్కబోయి కిందపడ్డాడు. కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. సుధన్వ గారు వంగి చూసి, ఇది చిరుధాన్యాలకు శరీరం అలవాటు పడే దశ అయ్యుండొచ్చన్నారు. మేము చుట్టూ నిలబడ్డాం. నిలబడటంలో మాకు మంచి అనుభవం ఉంది.

అప్పుడే కాత్యాయని గారు వచ్చారు. టౌన్‌హాల్లో మనసు నిలవక, ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశారట. గుమ్మంలోంచే చూశారు. చేతిలో ఉన్న శిక్షణ సంచీ, అందులోని సామలు, అన్నీ నేలపాలయ్యాయి. పక్కన కూలబడి వాణ్ణి ఒళ్లోకి తీసుకున్నారు.

“పంచదార. తొందరగా. ఎవరి దగ్గరైనా పంచదారుందా?”

ఎవరూ కదల్లేదు.

“ఈ ప్రాంగణంలో చక్కెర అన్నది లేదు మేడమ్,” అన్నారు సుధన్వ గారు. ఆ స్థితిలోనూ ఆయన గొంతులో కాస్త గర్వం ఉంది. “నేనే స్వయంగా తనిఖీ చేశాను.”

కాత్యాయని గారు మా ముఖాలను ఒకదాని తర్వాత ఒకటిగా చూశారు. వాడి తల ఆవిడ మోచేతి మీంచి వేలాడుతోంది.

వీరభద్రయ్య సొరుగు కిర్రుమంది. అందులోంచి పూతరేకుల పెట్టె వచ్చింది. ఆ చప్పుడు వినగానే టైపిస్టు విమలాదేవి హ్యాండుబ్యాగులోంచి చాక్లెట్లు తీసింది. ‘అత్యవసరం’ అని రాసిన ఫైలులోంచి కాజాలొచ్చాయి. హెల్మెట్‌లోంచి బొబ్బట్లొచ్చాయి. నా సంగతి వేరే చెప్పక్కర్లేదు, నాది జిలేబీ. రెండు నిమిషాల్లో కాత్యాయని గారి చుట్టూ పెళ్లివారి పందిట్లో ఉన్నన్ని మిఠాయిలు చేరాయి.

“ఇవి నోట్లో కుక్కితే గొంతుకడ్డం పడతాయి,” అన్నారావిడ. “తేనెగాని, పంచదార పొడిగాని కావాలి.”

సదానందం గారు తన గది గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నారు. లోపలికి వెళ్లారు. బీరువా తాళం తీసిన చప్పుడైంది. సగం వాడిన గ్లూకోజు డబ్బా తెచ్చి ఆవిడ చేతికిచ్చారు.

“ఎండలు కదా,” అన్నారు.

అది మార్గశిర మాసం. యాకోబు మఫ్లరు కట్టుకుని ఉన్నాడు.

ఆవిడ గ్లూకోజును నీటిచుక్కలతో తడిపి వేలితో వాడి చిగుళ్లకు రుద్దారు. మళ్లీ మళ్లీ రుద్దారు. చాలాసేపటికి నాలుక కొస బయటికొచ్చి ఆ వేలిని నాకింది. అక్కడున్న అందరం ఒక్కసారి ఊపిరి వదిలాం. నేను ఇంతకాలం చేసిన ఉద్యోగంలో మేమందరం కలిసి చేసిన పని అదొక్కటే.

ఆటోలో ఆసుపత్రికి సదానందం గారు కూడా వచ్చారు, డబ్బా ఒళ్లో పెట్టుకుని. నేను ముందు సీట్లో డ్రైవరు పక్కన వేలాడాను. డాక్టరు మెహరున్నీసా చిన్నపిల్ల, మాట మాత్రం ఖచ్చితం. జమాదారుకు సెలైను ఎక్కిస్తూ అడిగింది.

“సూది ఎవరేశారు?”

“కమిటీ,” అన్నారు సదానందం గారు.

“అంతకు ముందు తిన్నదా?”

“ఆహారం అందించడం జరిగింది.”

“తిన్నదా అని అడిగానండీ.”

సదానందం గారు చేతిలోని డబ్బా మూత బిగించారు. “లేదు,” అన్నారు చివరికి. “అలా పడిపోయే ముందు దానికి కళ్లు చీకట్లు కమ్మినట్టుంటుందా డాక్టరు గారూ?” అని అడిగారు.

“పిల్లి చెప్పదు కదండీ. మీకెందుకొచ్చింది ఆ అనుమానం?”

“ఊరికే.”

జమాదారు బతికాడు. ఇక విచారణ మిగిలింది. మధుమేహ రహిత కార్యాలయంలో అన్ని మిఠాయిలు ఎలా వచ్చాయన్నది తేలాలి. మాకెవరికీ షుగరు లేదు, మిఠాయి తినే అలవాటూ లేదు, దానికీ సంతకాలున్నాయి. సుధన్వ గారు ఆలోచించి నివేదిక తయారు చేశారు. కార్యాలయంలోని అన్ని గదుల్లోకీ, బీరువాల పైకీ, సొరుగుల సందుల్లోకీ అనుమతి లేకుండా వెళ్లగలిగినది సదరు జమాదారు ఒక్కరే. మధుమేహం ఉన్నదీ ఆయనకే. కనుక పూతరేకులు, కాజాలు, బొబ్బట్లు, జిలేబీ, చాక్లెట్లు, ఒక గ్లూకోజు డబ్బా సదరు ఉద్యోగి రహస్యంగా సేకరించి దాచుకున్నవేనని, పథకం ఫలితమివ్వకపోవడానికి ఇదే కారణమని నిర్ధారించడమైనది.

సాక్షిగా కాత్యాయని గారి సంతకం కావాలి. ఆవిడ మొత్తం చదివారు.

“డబ్బా మూత కూడా వాడే తీశాడంటారా?”

“కాదని మీరు నిరూపించగలరా మేడమ్?” అన్నారు సుధన్వ గారు.

“నేరం రుజువైతే ఏం చేస్తారు?”

“తొలగింపే. తీవ్రమైన దుష్ప్రవర్తన. మళ్లీ ఈ ప్రాంగణంలో అడుగు పెట్టడానికి వీల్లేదు.”

“ఇంటికి తీసుకుపోవచ్చా?”

“ఎక్కడికైనా తీసుకుపోవచ్చు.”

“పెన్ను ఇలా ఇవ్వండి,” అన్నారావిడ.

ఆ సాయంత్రమే జమాదారు బుట్టలో కూర్చుని సర్వీసు నుంచి వెళ్లిపోయాడు. మర్నాడు మా కార్యాలయం మధుమేహ రహితమైంది. కమిషనరు గారు స్వయంగా వచ్చి సదానందం గారికి శాలువా కప్పారు. పానకం ఇచ్చారు, బెల్లం లేకుండా.

కాత్యాయని గారింట్లో జమాదారుకు రెండు పూటలా కొలిచిన తిండి. ఉప్పూ కారం లేని కోడిమాంసం, ముల్లు తీసిన చేప, డాక్టరమ్మ ఇచ్చిన డబ్బా తిండి. అన్నం మెతుకు లేదు, పాలు లేవు. ఆవిడ వాడి చెవి అంచున సన్నగా గుచ్చి, మీటరులో చూసి, గోడ కేలండరు మీద ఆ తేదీ గడిలో అంకె వేసేవారు. అంకెలు దిగుతూ వచ్చాయి. డాక్టరమ్మ మందు తగ్గిస్తూ వచ్చి, చలి పోయేసరికి పూర్తిగా ఆపేసింది. “జబ్బు పోయిందనుకోవద్దండీ, అణిగింది. తిండి తప్పితే మళ్లీ లేస్తుంది,” అని మాత్రం హెచ్చరించింది. జమాదారు వెనక కాళ్లు నిటారుగా నిలిచాయి. కిటికీ ఎక్కి కూర్చుని కాకుల్ని తిట్టడం మొదలుపెట్టాడు.

కార్యాలయంలో ఎలుకలు మొదలయ్యాయి. కొర్రల గోతాల కోసం వచ్చి, కొర్రలయ్యాక దస్తావేజుల మీద పడ్డాయి. ఒక తాలూకా తాలూకు భూములన్నీ తినేశాయి. కొత్త పిల్లి కావాలని రాస్తే, పోస్టు ఖాళీ లేదని జవాబొచ్చింది. తొలగించిన ఉద్యోగికి అప్పీలు గడువు ఉన్నంతకాలం ఆ స్థానం ఖాళీ కింద లెక్కకు రాదట.

“అయితే అప్పీలు చేయిద్దాం,” అన్నారు సదానందం గారు.

అప్పీలు పత్రం, సిరా స్టాంపు ప్యాడు పట్టుకుని నేనూ ఆయనతో కాత్యాయని గారింటికి వెళ్లాను. జమాదారు చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. సదానందం గారు ఎదురుగా కూర్చుని, జరిగినదానికి శాఖ విచారిస్తోందని, ఒక్క పాదముద్ర వేస్తే సగౌరవంగా తిరిగి తీసుకుంటామని చెప్పారు. ఆయన గొంతు ఫోనులో పైవాళ్లతో మాట్లాడేటప్పటిలా ఉంది. జమాదారు ఆయన మేజోడు వాసన చూసి, పక్కన నేలను కాలితో రెండుసార్లు గీకాడు.

“వాడికి ఇష్టం ఉన్నట్టు లేదండీ,” అన్నారు కాత్యాయని గారు.

సదానందం గారు బతిమాలలేదు. కేలండరు కేసి చూస్తూ కాఫీ తాగారు. పంచదార వద్దన్నారు. తర్వాత నాకేసి తిరిగి, “నువ్వెళ్లి ఆటో చూడవోయ్,” అన్నారు.

నేను గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్నాను. లోపల్నుంచి ఆయన గొంతు బాగా తగ్గి వినిపించింది.

“ఆ మీటరు మనుషులకి కూడా పనిచేస్తుందా అమ్మా?”

“మనుషుల కోసం చేసిందేనండీ. చెయ్యి ఇలా ఇవ్వండి. కొత్త సూదే.”

ఆవిడ అంకె చదివారు. నాకు స్పష్టంగానే వినబడింది గాని ఇక్కడ రాయడం మర్యాద కాదు.

“అది ఆ పిల్లి గడిలోనే వేసెయ్యండమ్మా,” అన్నారు సదానందం గారు.

“అలా కుదరదండీ. వాడి షుగరు ఇప్పుడు బాగుంది. ఎవరిదో తెచ్చి వాడి లెక్క పాడుచెయ్యను. పక్కన రాస్తాను, మీ పేరు చెప్పండి.”

కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

“దిగుమర్తి సదానందం,” అన్నారాయన, తన పేరు తనకే కొత్తగా పరిచయం చేస్తున్నట్టు.

నేను ఆటో కోసం వెళ్లలేదు. చెప్పులు మళ్లీ విప్పేసి, లోపలికి వచ్చి, ఆయన వెనక వరసలో నిలబడ్డాను.